గ్లకోమా అనుమానం: ఫీల్డ్ టెస్టా, ఓసీటీయా, ఈఆర్‌జీయా? ఏది మేలు?

గ్లకోమా (నీటికాసులు) అనే కంటి జబ్బులో దెబ్బతినేవి, కంటి వెనుక కాంతిని గ్రహించే రెటీనా లోపలి పొరలోని గ్యాంగ్లియన్ కణాలు. ఒక్కో కంటిలో ఇవి సుమారు 10 లక్షలు ఉంటాయి. వీటి నుంచి సాగే పోగులన్నీ కలిసే దృష్టి నాడి అవుతుంది. చనిపోయిన కణాన్ని తిరిగి తెచ్చే చికిత్స లేదు కనుక, ఏ పరీక్ష ముందుగా హెచ్చరిస్తుందన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కించే ఫీల్డ్ టెస్ట్ రోగి నిజంగా ఏం చూడగలుగుతున్నాడో చెబుతుంది. ఆ విషయంలో దానికి సాటి లేదు. అయితే మరణానంతరం సేకరించిన కళ్లను పరిశీలించినప్పుడు, కనీసం 25 నుంచి 35 శాతం కణాలు నశించిన దశలోనే, బతికుండగా చేసిన ఫీల్డ్ టెస్ట్‌లో లోపం స్పష్టంగా నమోదైనట్టు తేలింది. అలసట, అలవాటు లేకపోవడం కూడా మొదటి ఫలితాన్ని తారుమారు చేస్తాయి.

రెటీనా పొరలను కాంతితో స్కాన్ చేసే ఓసీటీ కొన్ని సెకన్లలో నాడీ పోగుల పొర మందాన్ని మైక్రాన్లలో కొలుస్తుంది. రోగి జవాబుతో పని లేదు, మళ్లీ చేసినా కొలత పెద్దగా మారదు. తీవ్రమైన హ్రస్వదృష్టి ఉన్న కళ్లలో మాత్రం జబ్బు లేకపోయినా రిపోర్టు ఎర్ర రంగు (అసాధారణం అన్న గుర్తు) చూపించవచ్చు. పైగా అది మిగిలిన కణజాలాన్ని కొలుస్తుందే తప్ప, అది సరిగా పనిచేస్తోందో లేదో చెప్పదు.

ఆ ఖాళీని పూరించగలిగేది ఈఆర్‌జీ, అంటే కాంతికి రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందనను నమోదు చేసే పరీక్ష. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: మెరుపు కాంతితో చేసే మామూలు ఈఆర్‌జీలో ప్రధాన తరంగాలు కాంతిగ్రాహక కణాల నుంచి, వాటి సంకేతాన్ని గ్యాంగ్లియన్ కణాల వైపు చేరవేసే బైపోలార్ కణాల నుంచి వస్తాయి కనుక, అది నార్మల్‌గా ఉన్నంత మాత్రాన గ్లకోమా లేదని అనుకోకూడదు. అడగవలసింది ప్యాటర్న్ ఈఆర్‌జీ. కింది రెప్ప అంచున సన్నని పోగులాంటి ఎలక్ట్రోడ్ అమర్చి, నలుపు తెలుపు గళ్లు ఒకదానికొకటి తారుమారయ్యే తెర మధ్యలో చూపు నిలపమంటారు. వచ్చే సంకేతం సాధారణంగా 10 మైక్రోవోల్టుల లోపే ఉంటుంది. అందుకే కనీసం 100 స్పందనల సగటు తీస్తారు. గళ్లు తారుమారైన దాదాపు 95 మిల్లీసెకన్ల దగ్గర కిందికి దిగే ఎన్95 తరంగం గ్యాంగ్లియన్ కణాలదే. బతికి ఉండి మందగించిన కణాల జాడ ఇందులో దొరుకుతుంది. కంటి పీడనం తగ్గించాక కొందరిలో ఈ తరంగం మళ్లీ పుంజుకోవడం చూస్తే, ఆ దశలో చికిత్సకు ఎంత విలువ ఉందో అర్థమవుతుంది.

కంటి పవర్ సరిగా సవరించకపోయినా, శుక్లం ఉన్నా గళ్లు మసకబారి సంకేతం పడిపోతుంది. అటువంటి కళ్లకు, నీలి నేపథ్యంపై ఎర్ర మెరుపుతో నమోదు చేసే ఫోటోపిక్ నెగటివ్ రెస్పాన్స్ (గ్యాంగ్లియన్ కణాల పనితీరును చూపే మరో ఈఆర్‌జీ తరంగం) కొంత నయం, ఎందుకంటే దానికి స్పష్టమైన ప్రతిబింబం అక్కర్లేదు.

నా అభిప్రాయంలో అనుమానం ఉన్న ప్రతివారికీ పీడనం కొలత, దృష్టి నాడి పరిశీలనలతో పాటు ఓసీటీ, ఫీల్డ్ టెస్ట్ తప్పనిసరి. అవి రెండూ తేల్చలేనప్పుడు, ముఖ్యంగా పీడనం ఎక్కువగా ఉండి చికిత్స మొదలుపెట్టాలా వద్దా అన్న సందిగ్ధంలో, ప్యాటర్న్ ఈఆర్‌జీ చేయించడం మేలు. దాని ఫలితం ఒకసారికీ మరోసారికీ గణనీయంగా మారవచ్చు కనుక, ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకుండా అదే యంత్రంపై మళ్లీ చేయించాలి. మాక్యులా (రెటీనా మధ్యభాగం) జబ్బులు కూడా ఈ సంకేతాన్ని తగ్గిస్తాయి కాబట్టి, గ్లకోమాను నిందించే ముందు మాక్యులా ఓసీటీ చూడటం అవసరం.