నిద్ర వెనక ఎవరు: ఆస్ట్రోసైట్లా, ఎండోకెనబినాయిడ్లా?

నిద్ర అనగానే అందరూ న్యూరాన్ల గురించే మాట్లాడతారు గానీ వాటి పక్కనుండే సపోర్ట్ సెల్స్, అదే ఆస్ట్రోసైట్లు, చేసే పని తక్కువేం కాదు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంటుంది, దాంట్లో కొంత ఈ సెల్స్ వదిలే ఏటీపీ (సెల్స్‌కి శక్తినిచ్చే అణువు) నుంచే వస్తుంది, అది పెరిగేకొద్దీ కళ్లు మూతలు పడతాయి, కాఫీ తాగితే నిద్ర ఆగేది కెఫీన్ ఆ అడినోసిన్ రిసెప్టర్లకి, అంటే సెల్స్ మీద దాన్ని అందుకునే చోట్లకి, అడ్డుపడుతుంది కాబట్టే. 2009లో ఎలుకల్లో ఆస్ట్రోసైట్ల నుంచి ఈ ఏటీపీ విడుదలని అడ్డుకుని చూస్తే, నిద్ర చెడగొట్టాక కూడా మామూలుగా ముంచుకురావాల్సినంత నిద్ర రాలేదు. నాకు బాగా నమ్మకం కలిగించింది ఇదే.

ఎండోకెనబినాయిడ్లు అంటే మన ఒళ్లే తయారుచేసుకునే, గంజాయిలో ఉండేలాంటి రసాయనాలు, వీటి దారి వేరు. 1992లో కనుక్కున్న ఆనందమైడ్, ఆ తర్వాత 2-ఏజీ, వీటిని న్యూరాన్లు అప్పటికప్పుడు తయారుచేసి, తమకి సంకేతం పంపిన న్యూరాన్ వైపు వెనక్కి పంపుతాయి, అవి అక్కడి సీబీ1 అనే రిసెప్టర్‌ని తాకి ఆ న్యూరాన్ హడావిడి తగ్గిస్తాయి. ఎలుకల్లో సీబీ1ని బ్లాక్ చేస్తే నిద్ర ముక్కలుముక్కలవుతుంది, అంటే వీటి పని నిద్ర తెప్పించడం కంటే పట్టిన నిద్రని నిలబెట్టడమే అనిపిస్తుంది. గంజాయితో మంచి నిద్ర అనుకునేవాళ్లు మాత్రం దయచేసి ఇది గమనించండి, గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీకి రోజూ అలవాటుపడి మానేస్తే నిద్రలేమి, వింత కలలు వస్తాయి.

అన్నట్టు సీబీ1 ఆస్ట్రోసైట్ల మీద కూడా ఉంటుంది, కాబట్టి ఈ రెండిటి మధ్య గట్టి గోడేం లేదు.