మంగు మచ్చలకు ఐపీఎల్, లేజర్: రెండూ చేయించుకున్న ఐదేళ్ల తరువాత

2016లో రెండవ కాన్పు తరువాత నా రెండు చెంపల మీద, పై పెదవి మీద గోధుమరంగు మచ్చలు తేలాయి. మా అత్తగారు చూడగానే "మంగు వచ్చిందమ్మా, బిడ్డ పాలు మానితే అదే పోతుంది" అన్నారు. కొందరికి పోతుంది, నాకు పోలేదు. వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లోని కళాశాలకు రోజూ స్కూటీ మీద వెళ్లివచ్చే నాకు ప్రతి వేసవికీ మచ్చ ఇంకాస్త ముదిరింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అనే కాంతి చికిత్స రెండు విడతలు, క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ లేజర్ ఎనిమిది విడతలు చేయించుకున్నాను. రెండింటిలో ఏది మేలని తోటి అధ్యాపకులు తరచూ అడుగుతారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: మన చామనఛాయ చర్మం మీది మంగుకు ఐపీఎల్ వద్దు, లేజర్‌ను కూడా మొదటి మెట్టుగా ఎంచుకోవద్దు.

ఐపీఎల్‌తో మొదలుపెట్టింది నా తొందరపాటు వల్లనే. 2019 మార్చిలో ఒక సౌందర్య చికిత్సాకేంద్రంలో నాలుగు విడతలకు కలిపి 18,000 రూపాయలు ముందే కట్టించుకున్నారు. అక్కడ నన్ను చూసినది చర్మవైద్యులు కారు. అవాంఛిత రోమాలు తొలగించే యంత్రానికే వడపోత గాజు మార్చి, ముఖానికి చల్లని జెల్ పూసి, దీర్ఘచతురస్రాకారపు గాజుపలకను చెంపకు ఆనించి మీట నొక్కారు. కళ్లద్దాలు పెట్టినా మెరుపు కనురెప్పల వెనుక నారింజరంగుగా కనిపించింది. మొదటి విడత తరువాత ముఖం కాస్త తేటపడినట్లు అనిపించింది. రెండవ విడత ఏప్రిల్‌లో జరిగింది. ఈసారి ఎడమ చెంప రాత్రంతా మండింది. నాలుగవ రోజుకు ఆ గాజుపలక అంచులు ఎక్కడెక్కడ ఆనాయో అక్కడల్లా నిలువు చారలుగా నల్లబడింది, చారకూ చారకూ నడుమ పాత రంగు అలాగే ఉంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. మిగిలిన రెండు విడతల సొమ్ము తిరిగి ఇవ్వలేదు. ఆ చారలు కలిసిపోవడానికి పది నెలలు పట్టింది.

అలా ఎందుకు జరిగిందో తరువాత నేను వెళ్లిన చర్మవైద్యురాలు వివరించారు. లేజర్ ఒకే తరంగదైర్ఘ్యం గల కాంతి. ఐపీఎల్ లేజర్ కాదు. అది ఒక బలమైన దీపం నుంచి వచ్చే మెరుపు, అందులో సుమారు 500 నుంచి 1,200 నానోమీటర్ల వరకు అనేక తరంగదైర్ఘ్యాలు కలిసి ఉంటాయి. మెలనిన్ అనే రంగు పదార్థం పొట్టి తరంగాలను ఎక్కువగా పీల్చుకుంటుంది. చామనఛాయ చర్మంలో మచ్చ లేని చోట కూడా మెలనిన్ నిండుగా ఉంటుంది కనుక, ఆ వేడి మచ్చతో పాటు చుట్టూ ఉన్న చర్మానికీ చేరుతుంది. రెండవ తేడా కాలానిది. ఐపీఎల్ మెరుపు మిల్లీసెకన్ల పాటు నిలుస్తుంది, క్యూ-స్విచ్డ్ లేజర్ మెరుపు కొన్ని నానోసెకన్లలో ముగుస్తుంది. ఒక మిల్లీసెకను అంటే పది లక్షల నానోసెకన్లు. మెలనిన్ రేణువు చల్లబడటానికి మైక్రోసెకను (వెయ్యి నానోసెకన్లు) లోపే చాలు కాబట్టి, అంతకంటే పొట్టి మెరుపు అయితే వేడి పక్కకు పాకేలోపే రేణువు చిట్లుతుంది. ఈ సూత్రాన్ని 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు ప్రతిపాదించారు, నేటి చర్మ లేజర్ చికిత్సలు చాలావరకు దాని మీదే నిలిచాయి. ఎన్‌డీ యాగ్ వాడే 1,064 నానోమీటర్ల కాంతిని చర్మపు పైపొరలోని మెలనిన్ తక్కువగా పీలుస్తుంది కనుక అది లోతుకు దిగుతుంది. మనవంటి చర్మానికి అది కొంత భద్రమనడానికి కారణం ఇదే.

అయినా ఆమె నాకు వెంటనే లేజర్ చేయలేదు. "అమ్మా, ఏ యంత్రమన్నది తరువాత చూద్దాం, ముందు ఇది ఏ మచ్చో చూడనివ్వండి" అని గది చీకటి చేసి అతినీలలోహిత కాంతినిచ్చే వుడ్స్ దీపం కింద చెంపలు పరిశీలించారు. రంగు పైపొరలోనూ లోపలా కలిసి ఉందని చెప్పారు. ఆరు నెలలు మచ్చ రంగును తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, తక్కువ బలం గల స్టెరాయిడ్ కలిసిన పూతను విరామాలతో వాడించారు. మూడు నెలల పాటు, మామూలుగా రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సామిక్ ఆమ్లం 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు ఇచ్చారు. ఇచ్చేముందు మా ఇంట్లో ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని రెండుసార్లు అడిగారు. ఇటువంటి మాత్రను మందుల దుకాణంలో సొంతంగా కొనడం ఎంత ప్రమాదమో ఆ ప్రశ్నతోనే నాకు తెలిసింది. స్టెరాయిడ్ కలిసిన పూతలను తెల్లబడే క్రీములుగా నెలల తరబడి రాసుకుని, మానగానే ముఖం ఎర్రగా మండిపోయిన విద్యార్థినులను నేను స్వయంగా చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు.

లేజర్ 2020 నవంబరులో మొదలైంది. ఎండ తగ్గిన కాలం కావాలని ఆమె పట్టుబట్టి ఆ నెల ఎంచుకున్నారు. మొదట దవడ కింద ఒక చిన్న చోట పరీక్షించి రెండు వారాలు ఆగారు. తరువాత పదిహేను రోజులకు ఒకసారి, ఫిబ్రవరి చివరి దాకా, ఒక్కొక్క విడతకు 4,500 రూపాయల చొప్పున ఎనిమిది సార్లు చేశారు. తక్కువ శక్తితో ముఖమంతా తిప్పే ఈ పద్ధతిని టోనింగ్ అంటారు. నూనెలో ఆవాలు చిటపటలాడినట్లు శబ్దం వస్తుంది, చర్మం మీద సన్నని రబ్బరు తగిలినంత చురుకు ఉంటుంది. చెంప మీది నూగు వెంట్రుకలు క్షణాలలో తెల్లబడతాయి, కొద్ది రోజులకు మామూలు రంగులో వస్తాయి. కనుబొమలను తడి గుడ్డతో కప్పింది అందుకే. ముఖం గంటసేపు ఎర్రగా ఉండేది, మరునాడు తరగతికి వెళ్లేదాన్ని.

ప్రతి నెల మొదటి తేదీన ఉదయం ఎనిమిదింటికి వంటింటి కిటికీ దగ్గర, అదే వెలుతురులో ఫొటో తీసుకునే అలవాటు పెట్టుకున్నాను. ఐదవ విడత నాటికి పై పెదవి మీద మచ్చ దాదాపు కనపడలేదు, చెంపల మీద సగానికి పైగా తగ్గింది. ఏడవ విడత తరువాత మాత్రం నుదుటి కుడివైపు బియ్యపు నూకంత తెల్ల చుక్కలు నాలుగు కనిపించాయి. వాటిని చూసి మరొక్క విడత నుదురు వదిలి చేసి, అక్కడితో ఆపేశారు. విడతలు ఎక్కువైన కొద్దీ ఇలా రంగు కణాలు అలసిపోయే ప్రమాదం టోనింగ్‌కు ఉంది. ఆ చుక్కలలో రెండు పూర్తిగా కలిసిపోయాయి, రెండు ఇప్పటికీ దగ్గరగా చూస్తే తెలుస్తాయి. పది, పదిహేను విడతల ప్యాకేజీ ముందే అమ్మేవారి దగ్గర నేను ఇక అడుగు పెట్టను.

ఆ ఎండాకాలంలోనే ఎడమ చెంప మీద మచ్చ మళ్లీ తొంగిచూసింది. రోహిణి కార్తె ఎండలో బయటకు వెళ్లివచ్చిన పది రోజులలో అది జరిగింది. మంగును తగ్గించవచ్చు గానీ అది మళ్లీ వచ్చే స్వభావాన్ని తీసివేయలేమని అప్పుడు ఒప్పుకున్నాను. కంటికి కనిపించే కాంతి కూడా దీన్ని రేపుతుంది కనుక, ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్‌కు మారాను. రెండు వేళ్ల పొడవునా పిండి ముఖానికి, మెడకు రాసి, మధ్యాహ్నం మళ్లీ రాస్తాను. దీనికి నెలకు ఒక ట్యూబు అవుతుంది. పొయ్యి వేడి తగలకుండా వెనక్కి నిలబడి వండుతున్నాను. అప్పటి నుంచి గట్టిగా ముదిరిన వేసవి ఒక్కటే.

కాంతి చికిత్స అసలు పనికిరాదని నేను అనడం లేదు. మా పిన్నిది పచ్చని ఛాయ. అరవై దాటాక ఆమె చెంప మీద ఎండ వల్ల వచ్చిన స్పష్టమైన అంచుల మచ్చలు మూడు ఉండేవి. చర్మవైద్యులే చేసిన రెండు ఐపీఎల్ విడతలతో అవి పొట్టులా రాలిపోయి తిరిగి రాలేదు. ఆమె చర్మంలో మెలనిన్ తక్కువ, మచ్చ పైపైన ఉన్నది, దానికీ పక్క చర్మానికీ తేడా స్పష్టంగా ఉంది. ఇక కంటి చుట్టూ నీలిబూడిద రంగులో ఉండే ఓటా మచ్చ అయితే లోతున ఉంటుంది, దానికి క్యూ-స్విచ్డ్ లేజరే సరైనది. పికో లేజర్ మెరుపు ఇంకా పొట్టిది, ఖర్చు ఎక్కువ. నేను చేయించుకోలేదు.

ఇప్పుడు నా ఎడమ చెంప మీద పలుచని నీడ మిగిలి ఉంది, ఉదయపు వెలుతురులో తెలుస్తుంది, సాయంత్రం తెలియదు. ఏడాదికోసారి నవంబరులో వైద్యురాలికి పాత ఫొటోలతో సహా చూపిస్తాను. గత రెండేళ్లుగా ఆమె లేజర్ అవసరం లేదని పూతమందుతోనే పంపిస్తున్నారు.