వంటింటి పక్క గదిలో నాలుగు వారాలు

మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాకు స్పానిష్ నేర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆంతిగ్వా పట్టణంలోనే ఆగిపోతారు. నేనూ మొదటి మూడు రోజులు అక్కడే ఉన్నాను. రాళ్ళు పరిచిన వీధులు, రంగు గోడలు, భూకంపాలకు కూలిన చర్చీలు, తలెత్తితే అగ్నిపర్వతం. అందానికి వంక పెట్టలేను. కానీ నేను తడుముకుంటూ స్పానిష్‌లో కాఫీ అడిగితే కొట్టు కుర్రాడు ఇంగ్లీషులో జవాబిచ్చేవాడు. దానికోసం అమెరికా నుంచి ఇంత దూరం రానక్కర్లేదు. అందుకే మా యూనివర్సిటీ వేసవి సెలవుల్లో మిగిలిన నాలుగు వారాలూ అతిత్లాన్ సరస్సు ఒడ్డున శాన్ పెద్రో లా లగూనాలో, ఒక త్సుతుహిల్ మాయా కుటుంబంతో ఉన్నాను.

ఆంతిగ్వా నుంచి పానాహచెల్ దాకా వాన్, అక్కడి నుంచి మరపడవ. మధ్యాహ్నం దాటితే సరస్సు మీద షొకొమిల్ అనే గాలి లేస్తుంది. ఆ సంగతి తెలియక మూడు గంటల పడవ ఎక్కి, చూడటానికి బాగుంటుందని ముందు వరుసలో కూర్చున్నాను. అల వచ్చినప్పుడల్లా పడవ ముక్కు లేచి దబ్బున పడుతుంటే నా వెన్నుపూసలు ఎన్నో లెక్క తేలింది. ఊరివాళ్ళంతా వెనక బల్లల మీదే ఎందుకు సర్దుకున్నారో దిగేసరికి అర్థమైంది. పొద్దున పడవ ఎక్కండి, వెనక కూర్చోండి. టికెట్టు ఊరివాళ్ళకు ఒక ధర, మనకు ఒక ధర. దానికి గొడవ పడటం దండగ.

రేవు దగ్గర శాన్ పెద్రోను చూసి నీరసపడకండి. హాస్టళ్ళు, బార్లు, అర్ధరాత్రి దాకా పాటలు. నిట్టనిలువు వీధి ఎక్కి చర్చి దాటితే అసలు ఊరు. నా గది వంటింటి పక్కన. రేకుల కప్పు, మంచం, బల్ల, ఒక బల్బు. స్నానాల గదిలో నీళ్ళ గొట్టం చివరే కరెంటు హీటరు ఉంది, దాని తీగలు బయటికే కనిపిస్తుంటాయి. నీళ్ళు ధారగా వదిలితే చల్లగా, సన్నగా వదిలితే వేడిగా వస్తాయి. జూన్‌లో అక్కడ వానాకాలం. ఉతికిన జీన్స్ ఆరడానికి మూడు రోజులు పట్టింది.

చదువు విషయానికొస్తే, రోజుకు నాలుగు గంటలు, ఒక టీచరుకు ఒకే విద్యార్థి. బాగుంది. అయితే నాకు ఎక్కువ పనికొచ్చింది ఇంటావిడ స్పానిష్. అది ఆవిడకూ రెండో భాషే కాబట్టి నిదానంగా, చిన్న వాక్యాల్లో మాట్లాడేవారు. ఇబ్బందీ అక్కడే ఉంది: అందరూ భోజనానికి కూర్చోగానే మాట త్సుతుహిల్‌లోకి జారిపోతుంది, మనం పళ్ళెం చూసుకుంటూ కూర్చోవాలి. తోటి అమెరికా విద్యార్థులు ‘తూ’ ఎక్కడ, ‘ఉస్తెద్’ ఎక్కడ అని తల బాదుకునేవారు. నువ్వు, మీరు మధ్య పెరిగిన నాకు అది ఒక్క పూట పాఠం.

వంటింటి గురించి చెప్పకుండా ఉండలేను. మొక్కజొన్న గింజల్ని సున్నం నీళ్ళలో ఉడికించి రాత్రంతా వదిలేస్తారు. పొద్దున్నే కడిగితే పొట్టు జారిపోతుంది. ఆ గిన్నె పట్టుకుని వీధి చివరి మరకు వెళ్ళి ముద్దగా ఆడించుకొస్తారు. ఆ సున్నం మనం తాంబూలంలో వేసుకునేలాంటిదే. అది లేకపోతే మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ ఒంటికి సరిగా పట్టదు. గింజను యూరప్‌కు తీసుకుపోయినవాళ్ళు ఈ సున్నం సంగతి పట్టించుకోలేదు. అదే తిని బతికిన అక్కడి పేదలకు పెల్లాగ్రా జబ్బు వచ్చింది. మా నాయనమ్మ జొన్నరొట్టె పీట మీద తట్టేది. ఈవిడ రెండు అరచేతుల మధ్యే, చప్పట్లు చరుస్తున్నట్టు తట్టేవారు. నా మొదటి రొట్టెకు అంచులు చీలి, నడిమధ్య చిల్లు పడింది. ఆవిడ ఏమీ అనకుండా దాన్నీ పెనం మీద వేసి, కాలాక నా పళ్ళెంలోనే పెట్టారు.

మూడు పూటలా ఆ రొట్టెలే, నల్ల చిక్కుడు గింజలే, ఎక్కువసార్లు గుడ్డు. రెండో వారానికి నాలుక మొరాయించింది. ఆదుకున్నది చిర్మోల్: టమాటాలను పెనం మీద నల్లబడేదాకా కాల్చి, ఉల్లిపాయ, కొత్తిమీరతో నలిపేది. మన కాల్చిన టమాటా పచ్చడికి తోబుట్టువు, కారం మాత్రం చంటిపిల్లలకు పెట్టేంత. ఆదివారం ఇంట్లో మనకు వంట ఉండదు, ముందే తెలుసుకోండి.

డబ్బు దగ్గర మోసపోయాను. అమెరికాలోని ఒక ఏజెన్సీ ద్వారా కట్టాను. ఊళ్ళోకి వచ్చి నేరుగా బడిలో చేరిన అమ్మాయికి దాదాపు సగమే అయింది. ఆతిథ్యం ఇచ్చే ఇంటికి అందేది మాత్రం ఇద్దరి విషయంలోనూ ఒకటే. ఇంటికి ఎంత చేరుతుందో అడిగి తెలుసుకున్నాకే కట్టండి.

ఒక ఆదివారం అదే సరస్సు ఒడ్డున ఉన్న సంతియాగో అతిత్లాన్ అనే ఊరికి పడవలో వెళ్ళాను. పొడవాటి పట్టీని తల చుట్టూ పళ్ళెంలా చుట్టుకున్న అక్కడి స్త్రీ బొమ్మ దేశపు 25 సెంతావోల నాణెం మీద ఉంటుంది. ఇప్పుడు అలా చుట్టుకున్నవాళ్ళు నాకు ఇద్దరే కనిపించారు, ఇద్దరూ ముసలివాళ్ళు. అంతర్యుద్ధ కాలంలో, 1990 డిసెంబరు 2న, ఇక్కడ సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. ఊరు ఒక్కటై సైన్యాన్ని వెళ్ళగొట్టింది. ఒక పూటకు మించి ఉంటేనే ఆ ఊరికి న్యాయం జరుగుతుంది. నేను ఉండలేదు.

ఇంటి వెనక కంచె మీద తీగ పాకి, సీమ వంకాయలు వేలాడుతుండేవి. అక్కడ వాటిని గుయిస్కిల్ అంటారు, పుట్టిల్లు ఆ ప్రాంతమే. మా భాషలో దీని పేరుకు విదేశీ వంకాయ అని అర్థమని చెబితే ఇంటావిడ పడీపడీ నవ్వారు. బయలుదేరే రోజు మూడు కాయలు గుడ్డలో కట్టి ఇచ్చారు. అమెరికాలో దిగితే వీటిని రానివ్వకపోవచ్చని చెప్పడానికి నా స్పానిష్ సరిపోయింది, వద్దనడానికి సరిపోలేదు. పానాహచెల్‌లో వాన్ డ్రైవరుకు ఇచ్చేశాను. ఆయన మూట విప్పి చూసి, ఇవి శాన్ పెద్రోవా అని అడిగి, ముందు సీటు మీద భద్రంగా పెట్టుకున్నాడు.