స్లీప్ అప్నియాకి నోట్లో పెట్టుకునే డెంటల్ పరికరం: ఏడాది పైగా మా ఇంట్లో వాడకం

మా వారికి స్లీప్ అప్నియా ఉంది, అంటే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోయే జబ్బు. విజయవాడలో ఒక డెంటల్ క్లినిక్‌లో చేయించుకున్న పరికరం నోట్లో పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టి ఏడాది దాటింది. వాడేది ఆయనే అయినా రివ్యూ నేను రాస్తున్నాను, ఎందుకంటే అర్ధరాత్రి అది పనిచేస్తోందో లేదో తెలిసేది పక్కన పడుకున్న మనిషికే.

గురక అనగానే చాలామంది తేలిగ్గా తీసేస్తారు. మా అత్తగారు కూడా "గురక పెడుతున్నాడంటే ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడనేగా అమ్మా" అనేవారు. కానీ ఈయనకి గురక పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోయేది. ఛాతీ కదులుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు, నేను చెయ్యి ఎత్తి తట్టబోయేలోపు ఉక్కిరిబిక్కిరై మళ్లీ ఊపిరి అందుకునేవారు. పొద్దున లేస్తే తలనొప్పి, భోజనం కాగానే కునుకు. ఆయనది సీడ్ కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం, నంద్యాల, కర్నూలు వైపు కారు నడుపుకుంటూ తిరగాలి. స్టీరింగ్ ముందు కళ్లు మూతలు పడుతున్నాయని ఒకరోజు ఆయనే చెప్పేసరికి నాకు గుండె జారిపోయింది. వెంటనే పల్మనాలజిస్ట్ (ఊపిరితిత్తుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లాను. ఇంట్లోనే చేసే స్లీప్ స్టడీ రాశారు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. రిపోర్టులో ఏహెచ్‌ఐ 24 వచ్చింది. అంటే గంటకి సగటున 24 సార్లు ఊపిరి ఆగిపోవడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందన్నమాట. 5 లోపు ఉంటే మామూలు, 15 వరకు తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

మొదట రాసింది సీప్యాప్ మెషీనే, ముఖానికి పెట్టుకున్న మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపి గొంతు దారి మూసుకుపోకుండా చూసేది. 1981లో సిడ్నీలో మొదలైన వైద్యం అది, తీవ్రంగా ఉన్నవాళ్లకి ఇప్పటికీ ముందు చెప్పేది అదే. దాని పనితనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, పెట్టుకున్న రాత్రి మెషీన్ రికార్డులో ఏహెచ్‌ఐ 3 చూపించేది. పెట్టుకోవడమే కుదిరేది కాదు. నిద్రలో తెలియకుండానే మాస్కు పీకేసేవారు, రాత్రి రైల్లో వాడలేరు, లాడ్జీలో ప్లగ్గు ఒక గోడకి, మంచం ఇంకో గోడకి. టూర్ ఉన్న వారమంతా మెషీన్ అల్మరాలోనే ఉండేది. అది చూసి పల్మనాలజిస్టే డెంటల్ పరికరం సంగతి ఎత్తారు, ఈ పని తెలిసిన డెంటిస్ట్ దగ్గరే చేయించమని గట్టిగా చెప్పి మరీ పంపారు.

ఆ మాట ఎందుకన్నారో మొదట వెళ్లిన క్లినిక్‌లోనే తెలిసొచ్చింది. మేం ఫైలు తీసేలోపే "గురకకి గార్డ్ చేసిస్తాం సార్, ఈ వారంలోనే ఇచ్చేస్తాం" అన్నారు. జబ్బు ఎంత ఉందో అడగలేదు, స్లీప్ స్టడీ రిపోర్టు చూడలేదు. నమస్కారం పెట్టి వచ్చేశాం. పళ్లు నూరేవాళ్లకిచ్చే నైట్ గార్డ్ వేరు, ఇది వేరు. దయచేసి రెండూ ఒకటే అనుకోకండి.

రెండో క్లినిక్‌లో డాక్టరమ్మ ముందు రిపోర్టు చదివారు, ఆ తర్వాతే నోరు తెరవమన్నారు. నిద్రలో గొంతు కండరాలు వదులై నాలుక వెనక్కి జారి గాలి దారిని మూసేస్తుందని, కింది దవడని కొన్ని మిల్లీమీటర్లు ముందుకి పట్టి ఉంచితే నాలుక కూడా ముందుకొచ్చి దారి తెరుచుకుంటుందని వివరించారు. "కింది దవడ ముందుకి పెట్టి ఒకసారి గురక తీయండి సార్" అన్నారు. ఈయన ఎంత ప్రయత్నించినా సరిగ్గా రాలేదు. పరికరం చేసేదల్లా అదే, రాత్రంతా. అయితే దాన్ని మోసేది పళ్లే కాబట్టి ముందు ఎక్స్‌రే తీసి, చిగుళ్లు శుభ్రం చేసి, ఒక పిప్పి పన్నుకి ఫిల్లింగ్ పెట్టి, ఆ తర్వాతే కొలతలకి వచ్చారు. దవడ ఎంతవరకు ముందుకి వెళ్లగలదో చిన్న స్కేలులాంటి దాంతో కొలిచారు. కట్టుడు పళ్లున్న మా అత్తగారికి పనికొస్తుందా అని అడిగితే, పట్టుకోవడానికి సొంత పళ్లు ఉండాలమ్మా, ఆవిడకి ఇది కుదరదు అని చెప్పేశారు.

వస్తువు గురించి చెప్తాను. పైపళ్లకి ఒకటి, కిందిపళ్లకి ఒకటి, పారదర్శకంగా ఉండే రెండు ట్రేలు. కింది దానికి అటూ ఇటూ చిన్న రెక్కలు, అవి పైదాని దిమ్మెలకి ఆని దవడని వెనక్కి పోనివ్వవు. దిమ్మెల్లో సన్నటి స్క్రూ, దానికి గుండుసూదంత కీ. కీ తిప్పినకొద్దీ మిల్లీమీటరులో చిన్న వంతు చొప్పున దవడ ముందుకి జరుగుతుంది. రెండు ముక్కలు విడిగా ఉండటం వల్ల పెట్టుకునే నోరు తెరవొచ్చు, మంచినీళ్లు తాగొచ్చు, మాట కాస్త ముద్దగా వస్తుందంతే. మొదటి రాత్రుల్లో లాలాజలం కారి దిండు గలీబు తడిసిపోయేది, కొన్నాళ్లకి తగ్గింది. పైన ఒక దంతం దగ్గర మరీ బిగుతుగా ఉంటే లోపల కాస్త అరగదీసి ఇచ్చారు.

డబ్బంతా వస్తువుకే అనుకుంటాం గానీ అసలు ఖరీదు తర్వాత జరిగే సర్దుబాటుకి. ఒక్కసారే పూర్తిగా ముందుకి లాగరు, దవడ కీలు అలవాటు పడేకొద్దీ కొంచెం కొంచెంగా జరుపుతారు. వెళ్లిన ప్రతిసారీ డాక్టరమ్మ ఆయన్ని చూసి, తర్వాత నావైపు తిరిగి "మీరు చెప్పండమ్మా, రాత్రి మధ్యలో ఆగుతోందా?" అని అడిగేవారు. కొన్ని వారాలకి గురక దాదాపు పోయింది, నాకు ఎంత సంతోషమో! ఇంక అయిపోయిందనుకున్నాం. ఆవిడ ఒప్పుకోలేదు, పరికరం నోట్లో పెట్టుకునే మళ్లీ స్లీప్ స్టడీ చేయించమన్నారు. ఏహెచ్‌ఐ 13 వచ్చింది! చప్పుడు లేదు, నేను హాయిగా నిద్రపోతున్నాను, ఆయనకి మాత్రం ఊపిరి ఆగుతూనే ఉంది. ఇంకొంచెం ముందుకి జరిపి, మళ్లీ పరీక్ష చేస్తే 7కి దిగింది. అందుకే పరికరం ఇచ్చేసి మళ్లీ పరీక్ష ఊసెత్తని చోట మీరు ఎంత తక్కువకి చేయించుకున్నా నష్టమే అంటాను. జబ్బు అలాగే ఉంటుంది, గురక పోయింది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

మెషీన్‌తో 3, దీంతో 7, మరి మెషీన్ కంటే దీని పనితనం తక్కువే కదా అని మా వదిన అడిగింది. అంకె చూస్తే అవును, తక్కువే. కానీ 3 అనేది మాస్కు ముఖం మీద ఉన్నంతసేపే. ఇది పడుకున్నప్పటి నుంచి లేచేదాకా నోట్లోనే ఉంటుంది, లాడ్జీలో ఉన్నా, రైల్లో ఉన్నా, కరెంటు పోయినా. మెషీన్ అలవాటైనవాళ్లు మాత్రం మానేసి దీనికి మారకండి, ఏహెచ్‌ఐ 30 దాటినవాళ్లయితే డాక్టర్ చెప్పకుండా అసలు మారొద్దు.

మా తమ్ముడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు, వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక కొరికి అచ్చు తీసుకునే రకం. "అక్కా, అదే పనికి అంత డబ్బు పోశారా" అంటాడు. వాడిది సగం రాత్రికే ఊడి దిండు పక్కన పడుంటుంది, కొంచెం కొంచెం జరపడానికి అందులో ఏర్పాటు లేదు, అన్నిటికంటే ముందు వాడు ఇంతవరకు స్లీప్ స్టడీయే చేయించుకోలేదు. వాడి గురించి నాకు నిజంగా దిగులుగా ఉంది.

ఇబ్బందులు లేకపోలేదు. పొద్దున తీయగానే పళ్లు సరిగ్గా కలవవు, వెనక పళ్ల మధ్య సందు ఉన్నట్టుంటుందంటారు. దానికి ఒక చిన్న అచ్చు ముక్క ఇచ్చారు, కాఫీ తాగే ముందు కాసేపు కొరికి పట్టుకుంటే సర్దుకుంటుంది. ఇది బద్ధకించకూడదు, ఏళ్ల తరబడి వాడేవాళ్లలో పళ్ల వరస, పైపళ్లు కిందిపళ్లు కలిసే తీరు శాశ్వతంగా మారొచ్చని డాక్టరమ్మ ముందే కాగితం మీద రాసి సంతకం తీసుకున్నారు. అలా ముందే చెప్పడం నాకు నచ్చింది. కడగడానికి చల్లనీళ్లే, వేడినీళ్లు పోస్తే ఆకారం పోతుంది. టూత్‌పేస్టుతో తోమితే గీతలు పడతాయి కాబట్టి మెత్తని బ్రష్, కొంచెం లిక్విడ్ సబ్బు వాడుతున్నాం. ఎండలో నిలిపిన కారులో డబ్బా వదిలేయొద్దని ఆయనకి నేనే గుర్తు చేస్తుంటాను.

ఖర్చు సర్దుబాట్లతో కలిపి 38,000 అయింది, స్లీప్ స్టడీలు విడిగా. మా హెల్త్ పాలసీలో దంత వైద్యం లేదని ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఊపిరికి సంబంధించిన జబ్బని పల్మనాలజిస్ట్ రాసిచ్చిన చీటీ జతచేసినా వినలేదు, అది నాకు ఇప్పటికీ కోపమే. క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ ఇచ్చి కూడా గంటసేపు కూర్చోబెడతారు, ల్యాబ్ నుంచి వస్తువు రావడం కూడా చెప్పినదానికంటే ఆలస్యమైంది. వాటికి ఒక స్టార్ తీసేసి నాలుగు ఇస్తున్నాను.

ఇప్పుడు మధ్యాహ్నం కునుకు లేదు, పొద్దున తలనొప్పి మాట వినలేదు. కాకపోతే ఈ మధ్య ఆయన కొంచెం బరువు పెరిగారు, మెడ చుట్టూ కొవ్వు చేరితే అంకె మళ్లీ పెరుగుతుందట. ఎడమవైపు దిమ్మె కూడా కాస్త అరిగింది. వచ్చే నెల దాన్ని చూపించి, ఇంకోసారి స్లీప్ స్టడీ చేయిస్తున్నాం. ఆ రిపోర్టు రాగానే ఇక్కడే కింద రాస్తాను.