ఇంజనీరింగ్ కాలేజీలో ఎపిక్స్: ఎనిమిదేళ్ళు నడిపాక

పల్నాడు ప్రాంతంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చెబుతాను. 2017 జూలైలో మా దగ్గర ఎపిక్స్ కోర్సు మొదలైంది. కరోనా వల్ల మధ్యలో ఏడాదిన్నర ఆగినా, అప్పటి నుంచి ఎనిమిదేళ్ళుగా దాన్ని నేనే చూస్తున్నాను. "మా కాలేజీలో పెట్టమంటారా?" అని వేరే కాలేజీల లెక్చరర్లు తరచూ ఫోన్ చేస్తుంటారు. ఫోన్‌లో చెప్పేది ఎప్పుడూ సగంలోనే ఆగిపోతుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. పెట్టండి. కానీ ఒక్క సెమిస్టర్‌తో ముగించే ఉద్దేశం ఉంటే మాత్రం పెట్టొద్దు.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. ఇంజనీరింగ్ ప్రాజెక్ట్స్ ఇన్ కమ్యూనిటీ సర్వీస్ అనే పేరుకు పొట్టి రూపం ఎపిక్స్. 1995లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ కోయిల్, లియా జేమీసన్ వంటి ఎలక్ట్రికల్ ప్రొఫెసర్లు దీన్ని మొదలుపెట్టారు. తర్వాత విలియం ఓక్స్ చాలా ఏళ్ళు నడిపించారు. 2005లో ఈ ముగ్గురికీ అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజనీరింగ్ గోర్డన్ బహుమతి ఇచ్చింది. పద్ధతి ఇదీ: ఊళ్ళోని ఒక బడో, ఆసుపత్రో, స్వచ్ఛంద సంస్థో పార్ట్‌నర్‌గా ఉంటుంది. వాళ్ళకు నిజంగా ఏం కావాలో విద్యార్థులు తెలుసుకుని, డిజైన్ చేసి, తయారుచేసి వాళ్ళ చేతికిస్తారు. దానికి క్రెడిట్లు ఉంటాయి.

ఎన్‌ఎస్‌ఎస్‌కీ దీనికీ తేడా ఏమిటని మా పిల్లలే అడుగుతారు. ఏడు రోజుల ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులో మొక్కలు నాటుతారు, శ్రమదానం చేస్తారు. అది మంచి పనే. ఎపిక్స్‌లో వాళ్ళు చదివే చదువే పనిముట్టు. ఆ చదువు ఎంత ఒంటబట్టిందో అవతలివాళ్ళ ముందు తేలిపోతుంది. పర్డ్యూ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనవిగా అనిపించినవి రెండున్నాయి. ఫస్ట్ ఇయర్ నుంచి ఫైనల్ ఇయర్ దాకా పిల్లలు ఒకే టీమ్‌లో ఉంటారు. వస్తువు ఇచ్చేశాక దాని బాగోగులు చూడటం కూడా డిజైన్‌లో ఒక దశే. మేం మొదట్లో వదిలేసినవి సరిగ్గా ఈ రెండే.

మొదటి ఏడాది ఒక టీమ్ మిర్చి ఎండబెట్టడానికి సోలార్ డ్రైయర్ చేసింది. అద్దం మూత, లోపల నల్ల రంగు రేకు, చిన్న ఫ్యాను. లెక్కలన్నీ సరిపోయాయి, రివ్యూలో మంచి మార్కులొచ్చాయి. కానీ మా సెమిస్టర్ జూలైలో మొదలై నవంబర్‌లో అయిపోతుంది. కోతలు, కల్లాలు అన్నీ జనవరి తర్వాతే. అంటే కల్లం ఒక్కసారి కూడా చూడకుండానే పిల్లలు కల్లానికి యంత్రం చేశారు. ఫిబ్రవరిలో తీసుకెళ్తే ఆ రైతమ్మ తలుపు తీసి చూసి, "ఇందులో పది కిలోలు పడతాయేమో సారూ, నాకు క్వింటాళ్ళు ఉన్నాయి, ఇవి ఎప్పటికి ఎండాలి?" అంది. ఎవరి దగ్గరా జవాబు లేదు. నేను కూడా ఆ ప్రశ్న ముందు వేయలేదు, తప్పు నాదే.

ఆమె అసలు బాధ వేరు. ఎండ ఆమెకు కావలసినంత ఉంది. మార్చిలో రాత్రిపూట ఉన్నట్టుండి వాన వస్తే పట్టా కప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి, కల్లం దగ్గర ఆమె ఒక్కతే పడుకుంటుంది. తడిసిన కాయకు బూజు పడితే రేటు పడిపోతుంది. మరుసటి ఏడాది వేరే టీమ్ పట్టా అంచును ఇనప గొట్టానికి కుట్టించి, ఒక్క మనిషే దొర్లించుకుంటూ వెళ్ళి కప్పేలా చేసింది. గాలికి లేవకుండా గొట్టం బరువే ఆపుతుంది. ఇందులో ఇంజనీరింగ్ ఏముందని మా స్టాఫ్ రూమ్‌లో కొందరు అన్నారు. గొట్టం ఎంత పొడవుంటే మధ్యలో వంగదో, ఎంత బరువుంటే యాభై ఏళ్ళ మనిషి తోయగలదో లెక్క కట్టాలంటే రెండో ఏడాది చదివిన స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ కావలసి వచ్చింది. నా దృష్టిలో అది డ్రైయర్ కన్నా గట్టి ఇంజనీరింగ్.

నాకు ఎక్కువ నేర్పింది భవిత కేంద్రం పని. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే కేంద్రాలివి. మా దగ్గరి కేంద్రానికి సెరెబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కండరాలు పట్టులో ఉండని స్థితి) ఉన్న ఒక బాబు వచ్చేవాడు. అక్కడి టీచరమ్మ అడిగింది ఒక్కటే: వాడు పక్కకు ఒరిగిపోకుండా కూర్చుని పలక మీద గీయగలగాలి.

మొదటి టీమ్ బాబు కొలతలు తీసుకుని చదరపు ఇనప గొట్టంతో కుర్చీ వెల్డింగ్ చేసింది. గట్టిగా ఉంది, అందంగా ఉంది, బరువు ఇరవై రెండు కిలోలు. ఇచ్చిన రోజు ఫొటోలు తీశాం. ఆ టీమ్ ఆ నెలలోనే ఫైనల్ పరీక్షలు రాసి వెళ్ళిపోయింది. ఏడాది తర్వాత వేరే పని మీద అక్కడికి వెళ్తే కుర్చీ మూలన ఉంది, దాని మీద రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి. నాకు చాలా బాధేసింది. కుర్చీని జరపాలంటే టీచరమ్మ వల్ల కావడం లేదు. కాళ్ళు పెట్టుకునే పలకను మేం వెల్డింగ్ చేసేశాం. బాబు ఎదిగాడు, మోకాళ్ళు పైకి వచ్చేశాయి. వాళ్ళమ్మ ఏమాత్రం కోపం లేకుండా "పిల్లోడు ఎదుగుతాడు గదా సార్" అంది. మా రిపోర్టులో నలభై పేజీలున్నాయి, ఆ ఒక్క మాట లేదు.

ఆ రోజు నుంచే కోర్సును మార్చడం మొదలుపెట్టాను. రెండో టీమ్‌లో సెకండ్ ఇయర్ వాళ్ళు ముగ్గురు, థర్డ్ ఇయర్ వాళ్ళు నలుగురు. ఫిజియోథెరపిస్ట్ వచ్చే రోజు చూసుకుని వెళ్ళారు. పిల్లాడిని నిటారుగా ఉంచాలని మేం ఛాతీకి బెల్టు పెట్టాం. ముందు పట్టి ఉంచాల్సింది నడుము కింద కటి భాగాన్ని, అది కుదురుగా ఉంటేనే పైభాగం నిలబడుతుందని ఆయన చూపించారు. తుంటి, మోకాలు, చీలమండ మూడూ తొంభై డిగ్రీలకు దగ్గరగా ఉండాలన్నారు. ఈసారి ప్లైవుడ్‌తో, తొమ్మిది కిలోల్లో చేశాం. కాళ్ళ పలకకు వరుసగా రంధ్రాలు, పిన్ను. పిల్లాడు ఎదిగే కొద్దీ పిన్ను ఒక రంధ్రం కిందికి మార్చుకోవచ్చు. రెండు నెలల్లో పిన్ను పోయింది. మూడో టీమ్ ఆ పిన్నును గొలుసుతో కట్టింది, బెల్టు కోసం మా ఊరి బజార్లో దొరికే వెల్క్రో మాత్రమే వాడింది, బొమ్మలతో తెలుగులో ఒక పేజీ సూచనలు రాసి కుర్చీ వెనక అంటించింది. సెకండ్ ఇయర్‌లో చేరిన ఆ ముగ్గురూ ఈ టీమ్‌లో కూడా ఉన్నారు కాబట్టే ముందు ఏం తప్పు జరిగిందో ఎవరూ కొత్తగా నేర్చుకోవలసిన పని రాలేదు.

ఆ ముగ్గురిలో ఒకడికి అప్పటికి నాలుగు బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) ఉన్నాయి. వాళ్ళ నాన్నది వెల్డింగ్ షాపు. క్లాసులో నోరు విప్పని పిల్లాడు, కేంద్రంలో నేల మీద కూర్చుని బాబు మడమ కింద చేయి పెట్టి ఎత్తు చూస్తూ టీమ్ మొత్తానికి వివరించాడు. అలాంటి పిల్లల్ని ఈ ఎనిమిదేళ్ళలో చాలామందిని చూశాను. ఎపిక్స్‌ను నేను వదులుకోలేకపోవడానికి అసలు కారణం వాళ్ళే.

ఇక ఇబ్బందులు. లెక్చరర్‌కు వారానికి రెండు గంటల వర్క్‌లోడ్‌గా లెక్కేస్తారు. నిజానికి ఆరు గంటలు పడుతుంది, శనివారాలు పోతాయి. ఆటో ఖర్చులు, సామాన్ల బిల్లులు విద్యార్థుల జేబులోంచి పోకూడదు. మొదటి రెండేళ్ళు పోయాయి, అది నాకిప్పటికీ తప్పుగానే అనిపిస్తుంది. తర్వాత గట్టిగా అడిగితే టీమ్‌కు ఐదు వేల రూపాయలు ఇస్తున్నారు. రెండో కుర్చీకి అయింది నాలుగు వేల ఎనిమిది వందలు, కాబట్టి సరిపోతుంది. అమ్మాయిల్ని ఊళ్ళకు పంపడానికి ఇంట్లో టెన్షన్ పడతారు. మొదటి వారంలోనే తల్లిదండ్రులకు నేనే ఫోన్ చేసి, ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగొస్తారో చెప్పడం అలవాటు చేసుకున్నాను.

మార్కుల సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఒక ఏడాది బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ కుర్చీని చూసి, కొత్తదనం ఏముంది, సెన్సర్లు ఎందుకు లేవు అని అడిగి మార్కులు తగ్గించారు. ఆ పిల్లల ముఖాలు చూడలేకపోయాను. ఇప్పుడు ఇంటర్నల్ మార్కుల్లో నాలుగో వంతు పార్ట్‌నర్ అభిప్రాయానికి, ఇంకో నాలుగో వంతు పాత టీమ్ ఇచ్చిన వస్తువును బాగుచేయడానికి కేటాయించాను. ఎక్స్‌టర్నల్ నా చేతిలో లేదు.

డిజైన్ నోట్‌బుక్ గురించి కూడా చెప్పాలి. ఏం జరిగింది, దానివల్ల ఏం తెలిసింది, ఇక ఏం చేయాలి అని ప్రతి వారం రాయమంటాం. మొదట్లో అందరూ ల్యాబ్ రికార్డులాగా ఒకరిది చూసి ఒకరు రాశారు. ఇంగ్లీషులోనే రాయాలనే నియమం తీసేశాక మారింది. తెలుగులో రాసిన పేజీల్లో "నాకు ఆమెతో మాట్లాడటం రాలేదు" లాంటి నిజాలు కనిపించాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కింద పిల్లలు వేసవిలో ఊళ్ళలో సర్వే చేస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ పథకమైన ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఉన్న కాలేజీలకు దత్తత ఊళ్ళు ఎలాగూ ఉంటాయి. ఈ రెండూ మీ దగ్గర ఉంటే ఎపిక్స్‌కు సగం పునాది ఉన్నట్టే. సర్వే రిపోర్టు బైండింగ్ చేయించి బీరువాలో పెట్టకుండా, జూలైలో మొదటి క్లాసులో బల్ల మీద పెట్టండి. అవసరం ఎక్కడుందో అందులోనే కనిపిస్తుంది. పార్ట్‌నర్లు ఇద్దరు ముగ్గురు చాలు. మొదట్లో మేం పదకొండు చోట్ల పెట్టుకుని ఎవరికీ న్యాయం చేయలేకపోయాం.

ఇవన్నీ చూసుకునే మనిషి కాలేజీలో ఒక్కరైనా ఐదేళ్ళు ఉంటారనుకుంటేనే మొదలుపెట్టండి. కాలేజీ మారే ఆలోచనలో ఉంటే, మీ వెనక ఎవరు నిలబడతారో పార్ట్‌నర్‌కు ముందే చెప్పండి.

ఆ బాబు ఇప్పుడు హైస్కూలుకు వెళ్తున్నాడు, ఆ కుర్చీలో ఇంకో పాప కూర్చుంటోంది. కాళ్ళ పలక పై నుంచి రెండో రంధ్రంలో ఉంది. ఈ జూలైలో చేరిన టీమ్‌కు ఇచ్చిన మొదటి పని, కేంద్రంలో ఉన్న మూడు కుర్చీలనూ విప్పి, తుడిచి, బోల్టులు బిగించి, వెల్క్రో మార్చి తిరిగి ఇవ్వడం. కొత్త డిజైన్ దసరా తర్వాతే.