గీతాంజలా, దిల్ బేచారానా, ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్సా: ముందు ఏది చూడాలి?

కడపలో నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. ఏటా ఎవరో ఒకరు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అదే ప్రశ్న అడుగుతారు. "మేడం, ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్ చూడల్లనా, దిల్ బేచారా చూడల్లనా? రెండూ ఒకే కథ కదా?" ఇంట్లో వాళ్ళమ్మ గీతాంజలి గురించి చెప్పి ఉంటే, ఆ పేరు కూడా కలుస్తుంది. ఈ ఏడాది ఇప్పటికే నలుగురు అడిగారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కథలు మీకు తెలిసే ఉంటాయి, కాబట్టి ముగింపుల గురించి కూడా మాట్లాడతాను.

మూడింట్లోనూ వయసులో ఉన్న ఇద్దరు, ప్రాణం మీదికి వచ్చిన జబ్బు, మధ్యలో ప్రేమ. పాటలతో పోల్చవచ్చు, నటనతో పోల్చవచ్చు. నేను మాత్రం ఒక్క విషయం చూస్తాను. ఇలాంటి సినిమాల్లో ఏడుపు ఎలాగూ ఉంటుంది. నవ్వు ఎవరిది? జబ్బు పడ్డ మనిషి తన జబ్బు మీద తనే జోక్ వేసుకుంటోందా, లేక పక్కనున్నవాళ్ళు ఆమెను నవ్వించాలని తంటాలు పడుతున్నారా? ఈ రెండూ ఒకటి కావని మా ఇంట్లోనే తెలిసింది నాకు.

మా పిన్ని కూతురు ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ ఉందని తేలింది. ఆరేడు నెలలు వేలూరుకు తిరిగారు. ఒక కీమోకూ ఇంకో కీమోకూ మధ్య మా ఇంట్లోనే ఉండేది. జుట్టు రాలడం మొదలైన రోజు పొద్దున దిండు మీద కుచ్చులు కుచ్చులుగా పడి ఉంది. పిన్ని దాన్ని చేతిలోకి తీసుకుని ఏడుస్తోంది. ఇది లేచి కూర్చుని, "ఏడవాకు మా, తిరుమల మొక్కు దేవుని కడపలోనే తీరిపాయ, బస్సు చార్జీలు మిగిలె" అంది. తిరుమలకు తొలి గడప అని పేరున్న ఆ గుడి మాకు దగ్గరే. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. మా అవ్వ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చూడ్డానికి వచ్చేవాళ్ళ గురించి కూడా అదే అనేది: "ఏందక్కా, సావింటికి వచ్చినట్ల మొఖాలు పెట్టుకోని వస్తాండారు, నేనింకా ఈడ్నే ఉండా కదా." వచ్చినవాళ్ళు దాన్ని నవ్వించాలని వాట్సాప్ జోకులు చదివేవాళ్ళు. వాటికి అది ఒక్కసారీ నవ్వలేదు.

ఆ నెలల్లోనే నా లాప్‌టాప్‌లో ఇద్దరం ఈ సినిమాలన్నీ చూశాం.

ముందు దిల్ బేచారా. 2020 జూలై 24న నేరుగా ఓటీటీలో వచ్చింది. జాన్ గ్రీన్ రాసిన ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్ నవలనే జంషెడ్‌పూర్‌కు తెచ్చారు. ఆమ్‌స్టర్‌డామ్ బదులు పారిస్, రచయిత బదులు పాటను సగంలో వదిలేసిన గాయకుడు. ఆ మార్పు నాకు నచ్చింది, మన సినిమాకు పాటే తగిన వస్తువు. కథానాయిక కిజీ తన ఆక్సిజన్ సిలిండర్‌కు పుష్పిందర్ అని పేరు పెట్టుకోవడం అచ్చంగా మన పిల్లలు చేసే పని. రెహమాన్ సంగీతం గురించి నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. కిజీ అమ్మానాన్నలు నిజమైన ఇంట్లో మనుషుల్లా ఉంటారు, ముఖ్యంగా నాన్న.

కానీ నవ్వు సంగతికి వస్తే, ఇందులో అదంతా హీరో మ్యానీ చేతిలో ఉంది. రజనీకాంత్ స్టయిల్లో వస్తాడు, గోల చేస్తాడు, కిజీని తన లోకంలోకి లాగుతాడు. కిజీ చాలాసేపు నవ్వించబడే మనిషిగానే ఉండిపోతుంది. మొదట్లో తన కథను తనే చెప్పుకుంటుంది కానీ, మ్యానీ వచ్చాక సినిమా అతనిదైపోతుంది. ఇంకో సంగతి సినిమా తీసినవాళ్ళ చేతిలో లేనిది. మ్యానీగా వేసిన సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ 2020 జూన్ 14న చనిపోయాడు. నలభై రోజులకు ఈ సినిమా వచ్చింది. మ్యానీ బతికుండగానే తన గురించి సంతాప మాటలు చదివించుకునే సీన్ ఉంది. నవలలో అది నవ్వుతూ నవ్వుతూ గొంతు పట్టేసే చోటు. ఇక్కడ మనం మ్యానీని చూడం, సుశాంత్‌ను చూస్తాం. నవ్వు దగ్గరికే రాదు. మొదటి ఫ్రేమ్ నుంచే కళ్ళు తడిసి ఉంటాయి. ఆ కన్నీళ్ళు నిజమైనవి, వాటిని నేను తక్కువ చేయను. అయితే అవి ఈ కథ కోసం వచ్చినవి కావు. మా చెల్లి సగంలోనే, "అక్కా, ఈ పిల్లోడు నిజంగానే లేడని గుర్తొస్తాంది, ఇంక చాలు" అని మూసేసింది. మిగతాది నేను తర్వాత ఒక్కదాన్నే చూశాను.

గీతాంజలి, 1989. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా. పి.సి. శ్రీరామ్ కెమెరా, ఇళయరాజా సంగీతం, వేటూరి పాటలు. మా అమ్మ తరంవాళ్ళకు ఊటీ అంటే ఇప్పటికీ ఈ సినిమాలో మంచే. జాతీయ స్థాయిలో వినోదాత్మక జనరంజక చిత్రంగా అవార్డు తెచ్చుకుంది. ఇవన్నీ పక్కన పెట్టి గీతాంజలిని ఒక్కదాన్నే చూడండి. ఆ పిల్ల దెయ్యం వేషాలతో ఊరివాళ్ళను హడలగొడుతుంది. ముక్కూ మొహం తెలియని అబ్బాయిని నలుగురిలో పట్టుకుని లేచిపోదామా అని అడుగుతుంది. తన గుండె ఎక్కువ కాలం కొట్టుకోదని తనకు ముందే తెలుసు. మనకు తెలియదు. తెలిశాక ఆ అల్లరంతా మనసులో మళ్ళీ ఒకసారి తిరుగుతుంది. చావంటే భయపడాల్సిన పిల్లే అందరినీ చావు పేరు చెప్పి భయపెడుతోంది. అలా రాసిన పాత్ర తెలుగులో అంతకుముందు నేను చూడలేదు, ఆ తర్వాత కూడా నాకు కనిపించలేదు.

మరి ఇది మొదటి స్థానంలో ఎందుకు లేదు? ప్రేమ మొదలయ్యాక అల్లరి తగ్గిపోతుంది. హీరో ప్రకాశ్ తన బ్లడ్ క్యాన్సర్ మీద ఒక్క మాటైనా తేలిగ్గా అనడు. బాధను మౌనంగా మోస్తాడు, అందంగా మోస్తాడు. ఇద్దరి జబ్బులూ మంచులో, పాటల్లో కలిసిపోయి అందంగానే ఉంటాయి. వాంతులు లేవు, నోటిపూత లేదు, దిండు మీద జుట్టు లేదు. "ఆమని పాడవే" వింటూ మా చెల్లి కళ్ళు మూసుకుంది, రెండుసార్లు పెట్టించుకుంది. పాట అయిపోయాక మాత్రం, "ఈ బ్లడ్ క్యాన్సర్ ఏందో బాగుండాదే, నాకిట్లాంటిది రాలేదు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

ఇక ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్, 2014, జాష్ బూన్ తీసింది. హేజెల్‌గా వేసిన షైలీన్ వుడ్‌లీ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం సినిమా పొడుగునా ఉంటుంది, మెట్లెక్కితే రొప్పుతుంది. ఎక్కడా దాన్ని అందంగా చూపాలని ప్రయత్నించలేదు. ముఖ్యంగా ఇక్కడ జబ్బు ముగ్గురిది: హేజెల్, ఆమె ప్రేమించే ఒంటికాలి గస్, వాళ్ళ స్నేహితుడు ఐజాక్. నవ్వు కూడా ముగ్గురిదీ. ఒకరిని ఒకరు నవ్వించుకోరు, ముగ్గురూ కలిసి నవ్వుతారు.

గుడ్ల సీన్ చెబుతాను. ఐజాక్‌కు ఆపరేషన్‌తో రెండో కన్నూ పోతుంది. అంతకుముందే ప్రేయసి వదిలేస్తుంది. ముగ్గురూ గుడ్లు కొనుక్కుని ఆ అమ్మాయి ఇంటికి పోతారు, కారు మీద విసరడానికి. కళ్ళు లేనివాడు విసురుతుంటే, కాస్త ఎడమకు, ఇంకాస్త కుడికి అని దారి చెబుతారు. ఆ అమ్మాయి తల్లి బయటికి వస్తే గస్ లెక్క చెబుతాడు: మా ముగ్గురికీ కలిపి కాళ్ళు ఐదు, కళ్ళు నాలుగు, పనిచేసే ఊపిరితిత్తులు రెండున్నర జతలు, కానీ గుడ్లు మాత్రం రెండు డజన్లు. ఆవిడ మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోతుంది. ఇక్కడ మా చెల్లి ఎంత గట్టిగా నవ్విందంటే, దగ్గు తెర వచ్చిందనుకుని పిన్ని వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. ఆ జోక్ బయటివాడు వేస్తే చెంప పగలగొట్టాలనిపిస్తుంది. అది ఆ ముగ్గురే వేసుకోగలిగిన జోక్.

సంతాప సీన్ కూడా ఇందులోనే కుదిరింది. ఐజాక్ లేచి గస్‌ను పొగడాల్సిన చోట ముందు వాడి గొప్పలన్నీ ఏకరువు పెట్టి తిడతాడు. మన దగ్గర దినాల భోజనాల్లో ముసలివాళ్ళు పోయినాయన పిసినారితనం తలుచుకుని నవ్వుకుంటారే, ఆ నవ్వు అది. తేడా ఏమిటంటే, ఇక్కడ తిట్లు తినాల్సినవాడు ఎదురుగా కూర్చుని వింటున్నాడు.

ఇంకొకటి. హేజెల్‌కు ఉన్న పెద్ద భయం చావు కాదు. తాను పోతే అమ్మ ఏమైపోతుందోనని. తాను గ్రెనేడ్ లాంటిదాన్నని, పేలినప్పుడు చుట్టుపక్కలవాళ్ళకు తగులుతుందని అంటుంది. వాళ్ళమ్మ చాటుగా సోషల్ వర్క్ చదువుతోందని తెలిసినప్పుడు ఆ పిల్ల ముఖంలో వచ్చే వెలుగు చూడాలి. ఆ రాత్రి సినిమా అయిపోయాక మా చెల్లి ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి పిన్ని కుట్టు మిషన్ మీద ముసుగు తీసేసి ఉంది. వేలూరు ప్రయాణాలు మొదలైన నాటి నుంచి పిన్ని దాన్ని ముట్టలేదు. పక్కింటావిడ ఎప్పుడో ఇచ్చిన జాకెట్టు గుడ్డ తెచ్చి మిషన్ మీద పెట్టింది చెల్లి.

ఇందులోనూ నాకు పడనివి ఉన్నాయి. ఆన్ ఫ్రాంక్ ఇంట్లో ఇద్దరూ ముద్దు పెట్టుకోవడం, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టడం నాకు ఇబ్బందిగానే ఉంటుంది. గస్ మాటలు కొన్నిచోట్ల ఆ వయసు పిల్లవాడివిలా ఉండవు.

ఇవి కాక మీరడిగే మిగతావి. మీ అండ్ ఎర్ల్ అండ్ ద డయింగ్ గర్ల్ (2015) సన్‌డాన్స్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి, ప్రేక్షకుల బహుమతి రెండూ తెచ్చుకుంది, బాగుంటుంది. కానీ అది ప్రేమకథ కాదు, నవ్వించే పని పూర్తిగా అబ్బాయిదే. రెస్ట్‌లెస్ (2011)లో అమ్మాయి చావు సీన్‌ను ఇద్దరూ నాటకంలా రిహార్సల్ చేస్తారు. అది మంచి ఊహే, సినిమా మాత్రం నిదానం. హెరాల్డ్ అండ్ మాడ్ (1971) వేరే కోవ, డిగ్రీ అయ్యాక చూడండి.

కాబట్టి ముందు ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్. వారం ఆగి గీతాంజలి, ఈసారి మొదటి సగం అల్లరిని జాగ్రత్తగా గమనిస్తూ. దిల్ బేచారా పాటలు ముందు వినండి, సినిమా తర్వాత చూసుకోవచ్చు. వీలైతే అమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి.

మా చెల్లికి ఇప్పుడు బాగుంది. బెంగళూరులో ఉద్యోగం, జుట్టు నడుము దాకా పెరిగింది. ఇది రాసే ముందు ఫోన్ చేసి, నీకేది ఎక్కువ ఇష్టమని అడిగాను. "గీతాంజలి అమ్మది, దిల్ బేచారా అందరిది. గుడ్ల సీన్ మాత్రం నాదక్కా" అంది.