సముద్రాన్ని వెనక పెట్టాలంటే లేయర్లు మేలా, నోడ్లు మేలా?

విశాఖలో పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లు, షార్ట్ ఫిల్మ్‌లు తీసే కుర్రాళ్లు, ఫ్లెక్స్‌లు డిజైన్ చేసేవాళ్లు చేసే పనులు పైకి వేరుగా కనిపిస్తాయి. లోపల జరిగేది ఒకటే. ఒకచోట తీసిన మనిషిని ఇంకోచోట తీసిన బొమ్మలో నిలబెట్టాలి, చూసినవాళ్లకి అతుకు కనపడకూడదు. దీన్నే కంపోజిటింగ్ అంటున్నాం. దీనికి ఏ సాఫ్ట్‌వేర్ మేలని ఎవరిని అడిగినా తనకు చేయి తిరిగినదాని పేరే చెప్తారు. ఇక్కడ దొరికే పని, ఇక్కడి వెలుతురు, నేర్చుకునే పిల్లల జేబు, ఈ మూడూ ఎదురుగా పెట్టుకుని పోల్చాలని నా ప్రయత్నం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నిలిచిన బొమ్మకు లేయర్లు (ఒకదానిమీద ఒకటి పేర్చిన పొరలు), కదిలే బొమ్మకు నోడ్లు (ఒక్కో పనికీ ఒక్కో డబ్బా, వాటిని కలిపే తీగలు). మొదటిసారి నోడ్లు నేర్చుకునేవాళ్లకి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఫ్యూజన్.

లెక్క ఒకటే, చూపించే తీరు వేరు

కంప్యూటర్ బొమ్మలో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలుంటాయి. వాటి పక్కన ఆల్ఫా అనే నాలుగో అంకె పెట్టాలన్న ఆలోచన 1970ల చివర న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌ముల్, ఆల్వీ రే స్మిత్‌లది. ఆ పిక్సెల్‌ని మన బొమ్మ ఎంతమేర కప్పిందో ఆల్ఫా చెప్తుంది. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక బొమ్మను ఇంకోదానిమీద పరిచే లెక్కలన్నీ ఒకచోట చేర్చి సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో ప్రచురించారు. వాటిలో మనం రోజూ వాడేది 'ఓవర్'. కింది బొమ్మను ఒకటి మైనస్ ఆల్ఫాతో గుణించి, దానికి ముందే తన ఆల్ఫాతో గుణించి ఉంచిన పై బొమ్మను కలపడమే ఆ లెక్క.

ఫోటోషాప్‌లో లేయర్ కింద లేయర్ పెట్టినా, సినిమా స్టూడియోలు వాడే నోడ్ల సాఫ్ట్‌వేర్ న్యూక్‌లో రెండు బొమ్మల్ని కలిపే మెర్జ్ నోడ్ వేసినా మామూలుగా జరిగేది ఈ లెక్కే. అందుకే 'న్యూక్‌లో చేస్తేనే సినిమా క్వాలిటీ' అనే మాట నేను ఒప్పుకోను. తేడా అంతా మనం చేసిన పని మనకి తిరిగి ఎలా కనిపిస్తుందన్న దగ్గరే ఉంది.

లేయర్లు బీరువాలో చీరల దొంతర లాంటివి. అడుగున ఉన్నది చూడాలంటే పైవన్నీ ఎత్తాలి. పది లేయర్ల దాకా హాయిగానే ఉంటుంది. రుషికొండ బీచ్‌లో నిలబడ్డ మనిషి వెనక దూరంగా ఒక ఓడ పెట్టాలి, మధ్యలో మంచు తెర వేయాలి, మనిషి నీడ తడి ఇసుకలో కనిపించాలి అనుకోండి. మనిషిని కత్తిరించిన ఆకారం, అంటే మాస్క్, ఒక్కటే మూడుచోట్ల కావాలి. లేయర్లతో నడిచే వీడియో సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆ లేయర్‌ని కాపీ చేయాలి, లేదా ప్రీకంప్‌లో (కొన్ని లేయర్లని ఒకే లేయర్‌గా కట్టిన మూటలో) దాచి పైనుంచి పిలవాలి. వారం తర్వాత చెయ్యి దగ్గర మాస్క్ సరిచేయమంటే ఏ ప్రీకంప్ లోపల ఏముందో వెతుక్కోవడంతోనే సగం సమయం పోతుంది. నోడ్లలో ఆ మాస్క్ నుంచి మూడు తీగలు మూడు వైపులకి వెళ్తాయి. ఒకచోట మారిస్తే మూడుచోట్లా మారుతుంది. ఫైల్‌ని ఇంకొకరికి ఇచ్చినా తీగల వెంట వెళ్లి ఏం జరిగిందో చదువుకోగలరు. సినిమా షాట్ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ పోతుంది కాబట్టి పెద్ద స్టూడియోలు నోడ్ల దారి పట్టాయి.

అయితే అక్షరాలు ఎగరాలన్నా, పాటకి తగ్గట్టు బొమ్మలు మారాలన్నా, వాట్సాప్‌లో పంపే పెళ్లి వీడియో ఇన్విటేషన్ చేయాలన్నా ఆఫ్టర్ ఎఫెక్ట్సే మేలు. అక్కడ ఏది ఏ క్షణంలో వస్తుందన్నదే పని. టైమ్‌లైన్ కళ్లముందు ఉండాలి. 1993లో కోసా అనే చిన్న కంపెనీ విడుదల చేసి, తర్వాత ఆల్డస్ ద్వారా అడోబీ చేతికి వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ బలం మొదటినుంచీ అక్కడే. న్యూక్‌లో టైటిల్స్ యానిమేట్ చేయాలని కూర్చోవడం అనవసరపు శ్రమ. తెలుగు టైటిల్స్ చేసేవాళ్లకి ఒక మాట: ఆఫ్టర్ ఎఫెక్ట్స్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోండి. లేకపోతే ఒత్తులు పక్కకి పడి, గుణింతాలు విడిపోయి 'స్త్రీ' కాస్తా ముక్కలుగా కనిపిస్తుంది.

గ్రీన్ మ్యాట్ కట్టాలా, చేత్తో కత్తిరించాలా?

సాఫ్ట్‌వేర్ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది. గ్రీన్ మ్యాట్ అంటే మనిషి వెనక కట్టే ఆకుపచ్చ గుడ్డ. ఆ రంగుని చూసి మనిషిని వేరు చేయడాన్ని కీ తీయడం అంటాం, ఆ పని చేసే టూల్ కీయర్. విశాఖలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ గాలి ఊరుకోదు.

ఆర్కే బీచ్‌లోనో భీమిలి ఒడ్డునో గ్రీన్ మ్యాట్ కట్టి తీద్దామనుకుంటారు. సముద్రం గాలికి గుడ్డ ఉబ్బుతుంది, ముడతలు పడుతుంది, ప్రతి ముడతలో నీడ పడి ఒక్క గుడ్డలోనే ముదురు, లేత ఆకుపచ్చలు వచ్చేస్తాయి. కీయర్‌కి కావాల్సింది సమానంగా వెలుగు పడిన ఒకే రంగు. పైగా ఎండలో ఆ గుడ్డ నుంచి ఆకుపచ్చ వెలుతురు తిరిగి మనుషుల మీద పడుతుంది. తెల్ల పంచె అంచుకి, పట్టుచీర జరీకి, చెమట పట్టిన బుగ్గకి అంటుకునే ఆ స్పిల్ తీయడం కీ తీయడం కన్నా కష్టం. పెళ్లికూతురు కట్టుకున్నది చిలకాకుపచ్చ చీరైతే ఇక గ్రీన్ మ్యాట్ మాటే వద్దు, బ్లూ మ్యాట్ కట్టాలి.

ఇంకో చిక్కు కెమెరాలోనే ఉంది. ఫోన్లూ చాలా మామూలు కెమెరాలూ వీడియోని 4:2:0 పద్ధతిలో దాస్తాయి. అంటే వెలుగు ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది కానీ, రంగు సమాచారం నాలుగు పిక్సెళ్లకి ఒక్కటే. కీయర్ రంగును చూసే అంచు గీస్తుంది కాబట్టి జుట్టు దగ్గర మెట్లు మెట్లుగా తెగుతుంది. 4:2:2లో తీయగలిగే కెమెరా అద్దెకి తెచ్చుకుంటే ఈ బాధ బాగా తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్‌కి పెట్టే డబ్బు కన్నా ఆ ఒక్కరోజు అద్దెకి పెట్టే డబ్బు ఎక్కువ పని చేస్తుందని నా గట్టి నమ్మకం.

కీయర్ల సంగతికొస్తే, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తో వచ్చే కీలైట్ సమానమైన మ్యాట్ మీద బాగా పనిచేస్తుంది, ముడతలున్నచోట తడబడుతుంది. న్యూక్‌లో ఉండే ఐబీకే తీరు వేరు. మనిషి లేకపోతే ఆ గుడ్డ ఎలా కనిపించేదో ముందు ఊహించి ఒక క్లీన్ ప్లేట్ తయారు చేసుకుంటుంది, తర్వాత దానితో తేడా చూసి కీ తీస్తుంది. గాలికి ఉబ్బిన గుడ్డకి ఇంతకన్నా మంచి మందు నాకు తెలియదు. ఫ్యూజన్‌లో డెల్టా కీయర్‌కి ముందు క్లీన్ ప్లేట్ నోడ్ పెడితే దాదాపు అదే పని జరుగుతుంది, అదీ ఉచితంగా. 3డీ బొమ్మలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో కీయింగ్ నోడ్ ఉంది. మ్యాట్ బాగుంటే అదీ బాగుంటుంది, జుట్టు చెదిరితే మాత్రం ఓపిక పరీక్షిస్తుంది. దేనిలో చేసినా ఒకే కీతో మనిషి మొత్తాన్ని తీయాలని చూడొద్దు. ఒంటి లోపలికి గట్టి కీ ఒకటి, జుట్టు అంచుకి మెత్తటి కీ ఒకటి విడిగా తీసి కలపండి.

మరి మ్యాట్ లేకుండా? రోటో, అంటే ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ మనిషి చుట్టూ గీత గీయడం. ఇప్పుడు దీనికి యంత్రం సాయం ఉంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రోటో బ్రష్, డబ్బు కట్టి కొనే రిజాల్వ్ స్టూడియోలో మ్యాజిక్ మాస్క్, న్యూక్ పై వెర్షన్ న్యూక్‌ఎక్స్‌లో కాపీక్యాట్ ఉన్నాయి. కాపీక్యాట్‌కి మనం కొన్ని ఫ్రేములు గీసి చూపిస్తే మిగతావి అది నేర్చుకుని గీస్తుంది. ఇవి భుజాలు, వీపు, నడుము చక్కగా పట్టుకుంటాయి. వేళ్ల సందులు, జడ చివర, గాలికి ఎగిరే పల్లు దగ్గర మాత్రం అంచు ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ వణుకుతుంది. ఒక్క ఫ్రేమ్ ఆపి చూస్తే బాగానే ఉంటుంది, నడిపిస్తే మరుగుతున్నట్టు కనిపిస్తుంది. అక్కడ చేత్తో గీయక తప్పదు.

నా లెక్కలో బీచ్‌లో మ్యాట్ వద్దు. నిజమైన ఆకాశం ముందే తీసి, యంత్రం గీసిన రోటోని చేత్తో సరిచేసుకోవడం మేలు. హాల్లో, గాలి చొరబడని గదిలో మ్యాట్ మేలు. మ్యాట్‌కీ మనిషికీ మధ్య నాలుగు బారలైనా వదిలితే స్పిల్ చాలావరకు తగ్గుతుంది.

వెలుతురు దగ్గర ఎవరు గెలుస్తారు

కైలాసగిరి మీంచి రాత్రిపూట తీసిన ఊరి దీపాలని ఫోకస్ తప్పించి మెత్తగా చేయాలనుకోండి. కెమెరా లెన్స్‌లో అయితే ప్రతి దీపం వెలుగు తగ్గకుండా గుండ్రంగా విచ్చుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో మామూలు 8 బిట్ బొమ్మ మీద బ్లర్ వేస్తే దీపాలు బూడిదరంగు మచ్చలవుతాయి. 8 బిట్‌లో ఒక రంగుకి 256 మెట్లే ఉంటాయి, అన్నిటికన్నా పై మెట్టు దాటిన వెలుగంతా తెగిపోతుంది. పైగా ఆ అంకెలు కంటికి నచ్చేలా వంచినవి, అసలు వెలుగు కొలతలు కావు. వెలుగుని వెలుగులాగే లెక్కపెట్టాలంటే లీనియర్‌లో (వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపయ్యేలా), ఫ్లోట్ అంకెలతో (పై మెట్టు దగ్గర తెగిపోని దశాంశాలతో) పనిచేయాలి. 2003లో హాలీవుడ్ వీఎఫ్ఎక్స్ స్టూడియో ఐఎల్‌ఎమ్ అందరికీ ఉచితంగా ఇచ్చిన ఓపెన్‌ఈఎక్స్ఆర్ ఫైల్ పద్ధతి పుట్టింది ఈ అవసరంలోంచే.

ఈ విషయంలో న్యూక్, బ్లెండర్ తిరుగులేనివి. తెరవగానే లీనియర్, ఫ్లోట్‌లోనే ఉంటాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 8 బిట్‌లో తెరుచుకుంటుంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో 32 బిట్ పెట్టి, వర్కింగ్ స్పేస్‌ని లీనియర్ చేసుకోవాలి. ఫ్యూజన్ ఫ్లోట్‌లో నడుస్తుంది కానీ, లీనియర్‌కి మార్చే నోడ్ మీరే మొదట్లో పెట్టుకుని, చివర్లో వెనక్కి తిప్పుకోవాలి. ఈ అలవాటు మొదటిరోజే చేసుకోండి.

ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయలేనిది ఒకటుంది. మన ఊళ్లో సూర్యుడు సముద్రం మీద లేచి కొండల వైపు దిగుతాడు. సాయంత్రం సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ జంట ముఖాల మీద ఎండ ఎదురుగా పడుతుంది. ఆ ఫోటో తీసుకుని వెనక సముద్రంలో ఎర్రటి సూర్యుణ్ని అతికిస్తే మాస్క్ ఎంత బాగా గీసినా విశాఖవాళ్లకి బొమ్మ అబద్ధమని వెంటనే తెలిసిపోతుంది. సూర్యుడు వెనక కావాలంటే పొద్దున్నే, సూర్యుడు లేచే వేళ తీయాలి. అప్పుడే జుట్టు అంచున వెలుగు గీత వస్తుంది, ముఖం కాస్త నీడలో ఉంటుంది. దూరం సంగతి కూడా అంతే. బీచ్ నుంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ నల్లగా ఉండదు, తేమ గాలిలో లేత నీలంగా తేలి ఉంటుంది. అక్కడ లంగరు వేసిన ఓడను పెడుతున్నామంటే ఓడలోని నలుపుని కూడా ఆ కొండలో కనిపించే ముదురు రంగు దాకా లేత చేయాలి. చివర్లో ప్లేట్‌లో, అంటే కెమెరాతో తీసిన అసలు బొమ్మలో, ఉన్న గ్రెయిన్ (సన్నటి రవ్వలు) ఓడ మీద కూడా వేయాలి.

డబ్బు, ఉద్యోగం

న్యూక్ 1993లో డిజిటల్ డొమైన్ స్టూడియో లోపల పుట్టింది, 2007 నుంచి ఫౌండ్రీ అనే కంపెనీ చేతిలో ఉంది. పూర్తి లైసెన్స్ ఒంటరిగా పనిచేసే మనిషి మోయగలిగేది కాదు. నేర్చుకోవడానికి నాన్ కమర్షియల్ వెర్షన్ ఉచితం. 1920×1080 దాకా రెండర్ (తుది బొమ్మ) ఇస్తుంది, డబ్బు తీసుకునే పనికి వాడకూడదు, ఆ ఫైళ్లు పూర్తి వెర్షన్‌లో తెరుచుకోవు. సొంతంగా పనిచేసేవాళ్లకి ఏడాది ఆదాయం లక్ష డాలర్లు దాటకపోతే ఇండీ వెర్షన్ ఉంది. హైదరాబాద్ వెళ్లి వీఎఫ్ఎక్స్ స్టూడియోలో చేరాలని గట్టిగా అనుకున్నవాళ్లు న్యూక్ దాటలేరు, అక్కడ అడిగేది అదే.

ఫ్యూజన్‌ని 2014లో బ్లాక్‌మ్యాజిక్ కంపెనీ కొన్నది, 2018లో తన రిజాల్వ్ 15లో కలిపేసింది. ఉచిత రిజాల్వ్‌లో అల్ట్రా హెచ్‌డీ దాకా రెండర్ వస్తుంది, డబ్బు తీసుకుని చేసే పనికీ వాడుకోవచ్చు. ఎడిటింగ్, రంగులు, కంపోజిటింగ్ ఒకేచోట ఉండటం చిన్న టీమ్‌కి పెద్ద ఊరట. ఇందులో నోడ్లు, ఆల్ఫా, ప్రీమల్టిప్లై (బొమ్మను ముందే ఆల్ఫాతో గుణించడం) అర్థమైనవాళ్లకి న్యూక్‌లో మారేది బటన్ల పేర్లే. అందుకే నా ఓటు దీనికి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన క్రాక్ వెర్షన్‌తో మొదలుపెట్టే పిల్లలంటే నాకు నిజంగా బాధ. వైరస్ టెన్షన్, ఎప్పుడు ఆగిపోతుందో తెలియని ఫైళ్లు, క్లయింట్ ముందు భయం. ఉచితంగా ఇంత మంచివి ఉన్నప్పుడు అదెందుకు?

ఫోటోల పనికి ఫోటోషాపే. ఫ్లెక్స్ షాపుల్లో పీఎస్‌డీలు (ఫోటోషాప్ ఫైళ్లు), సీఎంవైకే (ప్రింటింగ్ రంగుల పద్ధతి), అను తెలుగు ఫాంట్లు కలిసి నడిచే ఏర్పాటు ఏళ్ల తరబడి స్థిరపడింది, దాన్ని కదపడం వల్ల లాభం లేదు. నెల చందా కట్టలేని విద్యార్థులు 2025 మార్చిలో వచ్చిన ఉచిత ఫోటో సాఫ్ట్‌వేర్ జింప్ 3.0 చూడండి. వేసిన ఫిల్టర్‌ని తర్వాత మళ్లీ మార్చుకునే వీలు అందులో వచ్చింది. బొమ్మలు గీసి, వాటిని ఫోటోలతో కలిపే ఆర్టిస్టులకి క్రిటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా హాయిగా ఉంటుంది.

బ్లెండర్‌ని ఒంటరి కంపోజిటర్‌గా నేను చెప్పను. వీడియో ఆడించి చూసుకోవడం అందులో అంత సాఫీగా ఉండదు. కానీ ఫ్యూజన్‌కి జోడీగా దానికి సాటి లేదు. నడుస్తూ తీసిన బీచ్ రోడ్ షాట్‌లో ఒక రాక్షస పీతని నడిపించాలంటే కెమెరా కదలిక పట్టుకోవాలి. 2011 నుంచీ బ్లెండర్‌లో ఆ ట్రాకింగ్ ఉంది. అక్కడే పీతని, దాని నీడని విడివిడి ఈఎక్స్ఆర్‌లుగా రెండర్ చేసి, ఫ్యూజన్‌లోకి తెచ్చి ప్లేట్‌తో కలపండి. మొత్తం షాట్‌కి సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. మిగిలిన డబ్బుతో ర్యామ్ పెంచుకోండి. ఈఎక్స్ఆర్ ఫ్రేములు వరసగా ఆడించేటప్పుడు మొదట చాలనిది అదే.